హార్మణీగాడి పాట

పోయిన మన క్లాసుమేటు, నాటకాలకి హార్మోనియం వాయించిన హార్మణీగాడి గురించి ఒక పేజీ రాయమని మన బడి సమ్మేళనం సంచిక కమిటీ వాళ్లు అడిగేసరికే నేను వాడి మీద పాట మొదలుపెట్టి ఉన్నాను. అందుకని ఆ పాట సంగతే రాస్తున్నాను. బడిలో వాడిని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ హార్మణీగాడే. ఇక్కడా అంతే.

1936 ఏప్రిల్ 1న మన పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రలో ఉంది. వాడికి రెండువైపులా పని దొరికేది. అటు పద్యనాటకాలు, ఇటు ఒడియా కవి గోపాలకృష్ణ పట్నాయక్ పదాలు పాడే భజనలు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. కానీ రాధాకృష్ణుల మీద అన్ని పాటలు కట్టిన గోపాలకృష్ణుడు కూడా 19వ శతాబ్దపు మన ఊరివాడేనని మన తెలుగు సెక్షన్‌లో ఎంతమందికి తెలుసు? హార్మణీగాడికి ఆయన పదాలు నోటికి వచ్చు.

నాటకంలో వాడి పని చూస్తే ముచ్చటేసేది. నటుడు పద్యం ఎత్తుకునే ముందు శ్రుతి అందించాలి. పాదం చివర రాగం తీస్తుంటే వెనకే నడవాలి. ఆయన ఊపిరి పీల్చుకునే చోట తను అందుకుని, మళ్లీ ఆయన నోరు తెరిచేసరికి తప్పుకోవాలి. చప్పట్ల కోసం రాగం సాగదీసే నటుడు దొరికితే మాత్రం వీడికి మహా చిరాకు. నెమ్మదిగా హార్మోనియం పెట్టె గాలితిత్తి బిగబట్టి శబ్దం తగ్గించేసేవాడు. ఆయన నోరు మూయక తప్పేది కాదు.

పాటకి ఆనందభైరవి రాగం తీసుకున్నాను. మోహన అయితే సులువుగా ఉంటుందని చాలామంది అన్నారు. నిజమే. ఆనందభైరవిలో గాంధారం, అంటే ‘గ’ స్వరం, ఊగాలి, హార్మోనియం మెట్టు ఊగదు. ఇలా స్వరాన్ని ఊపే గమకం పలకదనే కదా 1940లో రేడియోవాళ్లు హార్మోనియాన్ని గెంటేసి, చాలా ఏళ్లు దగ్గరికి రానివ్వలేదు. వాడికి ఆ కథ తెలుసు, తెలిసే ఆ రాగాన్ని పట్టుకున్నాడు. పక్క మెట్టుని తాకీ తాకనట్టు తాకి ఊపు ఉన్నట్టే భ్రమ పెట్టేవాడు. పైగా ఒడిస్సీ సంగీతంలోనూ ఆనందభైరవి ఉంది, కాబట్టి ఇటువాళ్లకీ కొత్త కాదు. నడక ఏడు మాత్రలు, తకిట తకధిమి.

పల్లవి, మొదటి చరణం తెలుగులో నేను రాశాను. రెండో చరణం ఒడియాలో మన క్లాసుమేటే ఒకడు రాశాడు. హిందీ మాటల్ని మన వరసలో కూర్చోబెట్టాలంటే చివరి అక్షరం పొల్లుగా ఆగిపోయి ఇబ్బంది పెడుతుంది. ఒడియాకి ఆ బాధ తక్కువ, మనలాగే మాట చివర అచ్చు పలుకుతారు. కృష్ణుణ్ణి కూడా మనలాగే ‘క్రుష్ణ’ అంటారు. గొడవంతా ప్రాస దగ్గరొచ్చింది. నాకు ప్రతి పాదంలో రెండో అక్షరం కలవాలి, వాడికి పాదం చివర కలవాలి. ఫోన్లో పెద్ద వాదనే అయింది. చివరికి వాడి చరణం వాడిష్టం, నా చరణం నా ఇష్టం అని వదిలేశాం. వినేవాళ్లకి తేడా తెలుస్తుంది, తెలియనీ.

‘స్వరసామ్రాట్’, ‘గంధర్వుడు’, ‘దివికేగితివా’ లాంటి మాటలు చేర్చమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. పదో తరగతి వీడ్కోలు సభకి నేను అలాంటి మాటలతోనే పాట రాసుకొస్తే హార్మణీగాడు చదివి, “ఏట్రా, పాట రాసినావా, తద్దినం మంత్రం రాసినావా?” అన్నాడు. ఈ పాటలో చిన్న రైలుంది. నౌపడా నుంచి మనూరి మీదుగా గుణుపురం వెళ్లే ఆ రైల్లో పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చునే వాడున్నాడు. తెల్లారి నాటకం నుంచి తిన్నగా బడికొచ్చి లెక్కల పీరియడ్లో నిద్రపోవడం ఉంది. పొగడ్త ఎక్కడా లేదు.

ప్రతి చరణం తర్వాత రెండు ఆవర్తాలు, అంటే తాళం రెండు చుట్లు, మాటల్లేకుండా వదిలాను. అక్కడ హార్మోనియం ఒక్కటే వాయించాలి. కీబోర్డు తెస్తామని కుర్రాళ్లు అంటున్నారు. అందులో గమకం కోసం చక్రం ఉంటుందట, తిప్పితే స్వరం జారుతుందట. వద్దన్నాను. పెట్టె వాయించేవాళ్లు పాతపట్నంలో ఇంకా ఉన్నారు, వాళ్లలో ఒకాయన వస్తానన్నారు.

మూడో చరణం ఇంకా పూర్తవలేదు. అది నాటకాల రాత్రుల గురించి. వాడు ఏ పద్యానికి ఏ రాగం అందుకునేవాడో నాకు సగమే గుర్తుంది. టెక్కలి వైపు వాడితో తిరిగినవాళ్లు సమ్మేళనానికి వస్తే, భోజనాలకి ముందే నన్ను పట్టుకుని చెప్పండి. పాట సాయంత్రం కదా, రాసేయడానికి టైముంటుంది.