మూడు సిలిండర్ల నిద్ర వదిలించిన కథ

డాలస్ దగ్గరి ఫ్రిస్కో నుంచి హ్యూస్టన్ దగ్గరి పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి వెళ్తున్నాం. ఐ-45 హైవే మీద మినీవ్యాన్ గంటకి 70 మైళ్లలో నిలకడగా పోతోంది. "ఏమండీ, సీటు కింద ఏదో గుయ్‌మంటోంది, మీకు తెలియట్లేదా?" అంది మా ఆవిడ. నాకు నెల రోజులుగా తెలుస్తూనే ఉంది, ఒప్పుకోలేదంతే. డాష్‌బోర్డు మీద పచ్చ లైటు వెలిగినప్పుడల్లా ఆ అదురు మొదలవుతుంది. యాక్సిలరేటర్ కాస్త నొక్కితే లైటూ పోతుంది, అదురూ పోతుంది.

మాది 3.5 లీటర్ల వీ6 ఇంజిన్, అంటే పెట్రోలు మండే సిలిండర్లు మూడేసి చొప్పున రెండు వరుసల్లో ఆరు ఉంటాయి. అప్పటికి 1,30,000 మైళ్లు తిరిగింది. కంపెనీ పేరు ఎందుకులెండి. హైవే మీద ఇంజిన్‌కి పెద్దగా పని లేనప్పుడు కంప్యూటర్ వెనక వరుసలోని మూడు సిలిండర్లను పడుకోబెడుతుంది. వాల్వులు మూసుకుని ఉండిపోతాయి, పెట్రోలు అందదు. పిస్టన్లు మాత్రం కిందికీ పైకీ ఆడుతూనే ఉంటాయి. పెట్రోలు ఆదా కోసం ఈ ఏర్పాటు. ఆ పచ్చ లైటు వెలిగేది అప్పుడే. కొత్తదేమీ కాదు, 1981లోనే కాడిలాక్ వాళ్లు ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌ని ఆరుకీ నాలుగుకీ మార్చి నడిపించారు. చిక్కల్లా ఎక్కడంటే, మంట లేక చల్లబడ్డ సిలిండర్లో పిస్టన్ చుట్టూ ఉండే రింగులు దాటి ఆయిల్ పైకి చేరుతుంది. సిలిండర్ మళ్లీ లేచినప్పుడు అదంతా మాడి, మంట రాజేసే స్పార్క్ ప్లగ్గుకీ రింగులకీ మసిగా పడుతుంది.

ఆయిల్ మార్చిన 1,500 మైళ్లకే ఒక క్వార్టు (లీటరు కన్నా కాస్త తక్కువ) తగ్గింది. తర్వాత చెక్ ఇంజిన్ లైటు, కోడ్ పీ0302. రెండో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో మంట సరిగా అంటుకోవట్లేదు. సర్వీసుకి తీసుకెళ్తే అక్కడాయన ఒక ప్లగ్గు మార్చి, "ఈ మైలేజీకి కాస్త ఆయిల్ తాగడం మామూలే" అని పంపేశాడు.

అదృష్టం ఏమిటంటే అప్పుడు మా మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి. ఒక సెన్సార్ వైరులో రెసిస్టర్ (కరెంటుకి అడ్డుపడే చిన్న ముక్క) పెట్టి సిలిండర్లు పడుకోకుండా చేద్దామనుకుంటున్నానని చెబితే, "అది తర్వాత సంగతి బాబూ. ముందు లోపల అరిగిందా లేదా చూడండి. రింగులు పోయాక ఏం పెట్టినా దండగే" అన్నారు. నిజానికి నేను ఆ సంగతి చూడకుండానే పెట్టేద్దామనుకున్నాను. భయం వేసి.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం. ముందు వరుస ప్లగ్గులు పది నిమిషాల్లో వచ్చేశాయి, పొడిగా, లేత గోధుమ రంగులో ఉన్నాయి. వెనక వరుస బండి ముందు అద్దం వైపు, చేయి పట్టదు, కంటికి కనపడదు. అవి తీసేసరికి మధ్యాహ్నం అయింది, మోచేతులు గీసుకుపోయాయి. మూడూ నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. మొన్న మార్చిన రెండోదైతే కొత్తదని చెబితే ఎవరూ నమ్మరు. "మా బస్సులన్నీ డీజిలు, ప్లగ్గులుండవు" అంటూ మామయ్యగారు దాన్ని వేళ్ల మధ్య తిప్పారు, "కానీ ఆయిల్ వాసన ఎక్కడైనా ఒకటే."

తర్వాత కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్లో ఎంత ఒత్తిడి నిలుస్తుందో కొలవడం. ఫ్యూయల్ పంపు రిలే తీసేసి, ప్లగ్గులన్నీ బయట పెట్టి, మా ఆవిడ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్ తిప్పుతుంటే నేను గేజీ చదివాను. ముందు మూడూ 192 నుంచి 195 పీఎస్ఐ. వెనక ఒకటోది 184, మూడోది 180, రెండోది 172. సర్వీసు మాన్యువల్ ప్రకారం సిలిండర్ల మధ్య తేడా 28 దాటకూడదు. మాది 23. పాసే, కానీ సంతోషపడే పాసు కాదు. మామయ్యగారు రెండో దాంట్లో చెంచాడు ఆయిల్ పోయించి మళ్లీ కొలవమన్నారు. 190కి లేచింది. ఆయిల్ పోస్తే లేచిందంటే కారేది రింగుల దగ్గరే, వాల్వుల దగ్గర కాదు. మరి రింగులు అరిగాయా, మసి పట్టి బిగుసుకున్నాయా? ప్లగ్గు రంధ్రంలోంచి ఫోనుకి తగిలించే చిన్న కెమెరా దింపాం. సిలిండర్ గోడ మీద ఫ్యాక్టరీలో వేసిన అడ్డగీతలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి, నిలువు గాట్లు లేవు. అంటే అరుగుదల కాదు, మసే అయి ఉండాలి. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

రెసిస్టర్ పెట్టడం అరగంట పని. మా బండిలో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) దాదాపు 167 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితేనే కంప్యూటర్ సిలిండర్లను పడుకోబెడుతుంది. ఆ వేడిని కొలిచే సెన్సార్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. వైరు మధ్యలో కొన్ని ఓమ్‌ల రెసిస్టెన్స్ కలిపితే ఇంజిన్ ఇంకా పూర్తిగా వేడెక్కలేదని కంప్యూటర్ అనుకుంటుంది. 82 ఓమ్‌లతో మొదలుపెట్టాను. మే నెల వరకూ బాగానే ఉంది, టెక్సస్ ఎండలు ముదిరాక పచ్చ లైటు మళ్లీ పలకరించింది. 100కి మార్చాను. ఇంకా పెంచితే చలికాలంలో, కూలెంట్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ చెడిపోయిందని కంప్యూటర్ పొరబడి పీ0128 కోడ్ వేస్తుంది.

ఇందులో నాకు నచ్చని సంగతి ఒకటుంది. టెంపరేచర్ ముల్లు కూడా ఆ సెన్సార్నే నమ్ముకుంది. రేపు నిజంగా ఇంజిన్ వేడెక్కిపోతే అది కాస్త ఆలస్యంగా చెబుతుంది. అందుకే కూలెంట్ మట్టం నెలకోసారి చూస్తున్నాను. ఎమిషన్ రూల్స్ దీన్ని ట్యాంపరింగ్‌గా చూడొచ్చు కూడా. మీ రాష్ట్రంలో ఎలా ఉందో కనుక్కోకుండా చేయకండి.

హైవే మైలేజీ గ్యాలన్‌కి ఒక మైలు తగ్గింది. అదురు హైవే మీద పోయింది కానీ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మిగిలింది. చూస్తే ఇంజిన్‌ని పట్టి ఉంచి అదురు తగ్గించే ముందువైపు మౌంట్ చిట్లి లోపలి ద్రవం కారుతోంది. దానికి వేరే ఖర్చు. ఆయిల్ ఇప్పుడు 4,000 మైళ్లకోసారి మారుస్తున్నాను. మూడో మార్పుకి వచ్చేసరికి క్వార్టు తగ్గడానికి 3,500 మైళ్లు పట్టింది.

మొన్న వెనక రెండో ప్లగ్గు మళ్లీ తీసి, ఫోటో తెనాలికి పంపాను. గంట తర్వాత ఫోన్. "రంగు బాగుంది బాబూ. మూడోది కూడా తీసి చూశారా?" తీయలేదు. చేయి పట్టదు మరి.