నా ఉత్తరాలు చదివిన సారు

1962లో చైనాతో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, రక్షణ నిధి కోసం మన బడి పిల్లలం డబ్బాలు పట్టుకొని మహబూబ్‌నగర్ బజారంతా తిరిగాము. ఆ సాయంత్రం భూగోళం సారు వరండాలో దేశపటం వేలాడదీసి, తవాంగ్, బొమ్డిలా ఎక్కడున్నవో బెత్తంతో చూపించారు. దేవరకద్ర దగ్గరి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న నాకు, సైన్యంలో చేరాలన్న కోరిక ఆ పటం ముందే పుట్టింది.

1966లో వైమానిక దళానికి ఎంపికై బీదర్ చేరాను. అక్కడ నేర్పిన విమానం మన దేశంలోనే తయారైన హెచ్.టి.-2. దాని మూడో చక్రం తోక కింద ఉండేది గనుక, నేల మీద నడుపుతున్నప్పుడు ముక్కు పైకి లేచి ఎదుటి దారి కనబడదు. పాములా అటూ ఇటూ మళ్లిస్తూ పక్క నుంచి చూసుకోవాలి. ఒక ఉదయం, రెండు మూడుసార్లు నాచేత దింపించి చూసిన శిక్షకుడు, ఏమీ చెప్పకుండా దిగి, ఖాళీ అయిన తన సీటు పట్టీలను బిగించి, వెళ్లి రమ్మని చెయ్యి ఊపారు. ఒక మనిషి బరువు తగ్గిన ఆ విమానం నేను అనుకున్నదానికన్నా ముందే నేలను వదిలింది. ఆ క్షణం నాటి నిశ్శబ్దం, ఇంజను మోగుతున్నా సరే, నాకు ఇప్పటికీ గుర్తున్నది.

ఆ తరువాత జోధ్‌పూర్‌లో హార్వర్డ్ శిక్షణ విమానం, ఎలహంకలో డకోటా అనే రవాణా విమానం. హకీంపేటకు వెళ్లి జెట్ విమానాలు నడపాలన్నది నా ఆశ. రవాణా విభాగానికి పంపినప్పుడు కొన్నాళ్లు బాధపడ్డాను గాని, 1968లో అధికారినై అస్సాంలోని జోర్హాట్ చేరాక ఆ బాధ పోయింది. కొండల మీది మన చౌకీలకు రోడ్లు లేవు. అక్కడి జవాన్లు తినే బియ్యం, ఉప్పు మేము పైనుంచి జారవిడిచినవే. నేల తాకినప్పుడు పగిలిపోకుండా బియ్యాన్ని రెండు గోనె సంచుల్లో వదులుగా నింపేవారు. ఇరుకు లోయల్లో వెనక్కి తిరగడానికి చోటుండదు, మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది, అందుకే తెల్లవారకముందే బయలుదేరేవాళ్లం. సారు బెత్తంతో చూపిన నేఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) కొండలు అవే.

1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. డిసెంబరు 11న దమ్‌దమ్, కలైకుండల నుంచి లేచిన డకోటాలు, ప్యాకెట్లు, ఏ.ఎన్.-12లు, కారిబూలు అనే రవాణా విమానాలు కలిసి తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్)లోని టాంగైల్ దగ్గర ఒక పారాచూట్ బెటాలియన్‌ను దించాయి. నా వెనక కూర్చున్న జవాన్లలో ఎవరి పేరూ నాకు తెలియదు. పచ్చదీపం వెలగగానే ఒకరి వెంట ఒకరు దూకారు, విమానం తేలికై పైకి లేచింది, బీదర్ గుర్తుకు వచ్చింది. గాలికి కొందరు దూరంగా పడ్డారనీ, ఊరివాళ్లు వచ్చి సామాను మోసి సాయపడ్డారనీ తరువాత విన్నాము. అయిదు రోజులకు ఢాకా లొంగిపోయింది.

ఇక మన బడి పత్రిక ఈ సంచికకు నేను చెప్పదలచుకున్న సంగతి. మా ఇంట్లో చదువు వచ్చినవాళ్లు లేరు గనుక నా ఉత్తరాలు బడి చిరునామాకు, సారు పేరిట రాసేవాణ్ని. అమ్మ పదిహేను రోజులకొకసారి దేవరకద్రలో రైలెక్కి వచ్చి, వరండాలో కూర్చొని చదివించుకొని పోయేది. ఉత్తరం మీద 99 ఏ.పి.ఓ. (సైనిక తపాలా కార్యాలయం) అన్న ముద్ర తప్ప ఊరి పేరుండదు. ఆ ఊరెక్కడని అమ్మ అడిగితే సారు పటంలో తూర్పు మూల అంతటినీ అరచేత్తో చూపేవారట.

డిసెంబరు నెలంతా నా ఉత్తరాలు రాలేదు. 1972 వేసవిలో సెలవు మీద ఇల్లు చేరిన రాత్రి, జొన్నరొట్టె పెడుతూ అమ్మ చెప్పింది: “లడాయి నడుస్తున్నప్పుడు గూడ సారు నీ ఉత్తరం సదివి ఇనిపించిండు కొడుకా. ఇక్కడ వానలు దంచికొడుతున్నయ్, నది పొంగింది అని రాసినవట. చలికాలంల గంత వానేంది? ఆషాఢంల సదివిన ఉత్తరమే అది. నాకెరికే. సదవడం అయిపోయేదాక కూసొని, దండం పెట్టి వచ్చిన.”

ఆ మాట సారుతో అనవద్దని అమ్మ నాచేత ఒట్టు వేయించుకున్నది. ఇద్దరూ ఇప్పుడు లేరు గనుక ఇక్కడ రాస్తున్నాను.