దశ మారే చోటే నిద్ర తడబడుతుంది

స్లీప్ ల్యాబ్‌లో రాత్రంతా తీసిన ఈఈజీని, అంటే మెదడు విద్యుత్ తరంగాల రికార్డును, 30 సెకన్ల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు నిద్ర దశను బట్టి ఎన్1 (తేలిక నిద్ర), ఎన్2, ఎన్3 (గాఢ నిద్ర), రెమ్ (కలల దశ) అని గుర్తు పెడతారు. ఈ దశలన్నీ తిరిగే ఒక చుట్టుకు సుమారు 90 నిమిషాలు, రాత్రికి నాలుగైదు చుట్లు. ఈ పేర్లు చాలామందికి తెలిసినవే. ఒక దశలోంచి ఇంకో దశలోకి మెదడు ఎలా దాటుతుందో తెలిస్తే, నిద్రలో మనల్ని భయపెట్టే చాలా సంగతులకు కారణం దొరుకుతుంది.

మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ ముందుభాగంలో వీఎల్‌పీవో అనే చిన్న కణాల గుంపు ఉంది. ఇది గాబా అనే రసాయనంతో మెలకువ కేంద్రాల నోరు మూయిస్తుంది. హిస్టమిన్, నారడ్రినలిన్, సెరటోనిన్ విడుదల చేసే ఆ కేంద్రాలు కూడా తమ వంతున దీన్ని అణచిపెడతాయి. ఇదొక తూగుడుబల్ల: ఒక వైపు లేస్తే రెండో వైపు దిగాల్సిందే, మధ్యలో ఎక్కువసేపు నిలవదు. పాతరకం జలుబు మాత్ర వేసుకుంటే మత్తు కమ్మేది అందుకే, అది మెదడులో హిస్టమిన్ పనిని అడ్డుకుంటుంది. బల్లను మెలకువ వైపు పట్టి ఉంచేది ఒరెక్సిన్ అనే మెదడు రసాయనం. దాన్ని తయారుచేసే కణాలు నశిస్తే మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోతారు. నార్కోలెప్సీ అనే జబ్బులో సాధారణంగా జరిగేది ఇదే.

కళ్లు మూసుకున్నప్పుడు సెకనుకు 8–13 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలు చెదిరిపోతే ఎన్1 మొదలైనట్టు. మెట్టు తప్పినట్టు ఒళ్లు ఉలిక్కిపడేది సాధారణంగా ఇక్కడే, కంగారు పడక్కర్లేదు. ఎన్2లో స్పిండిల్స్ అనే పొట్టి, వేగమైన తరంగాల గుంపులు కనిపిస్తాయి. 75 మైక్రోవోల్టులు దాటిన నెమ్మది తరంగాలు 30 సెకన్లలో కనీసం 6 సెకన్లు ఉంటే అది ఎన్3. ఇక్కడ అలారం మోగితే అరగంట దాకా బుర్ర పనిచేయదు. అందుకే పగటి కునుకు 20 నిమిషాలకు మించనివ్వకండి. నిద్రలో నడిచే పిల్లలు కూడా ఎన్3లోంచి సగమే మేలుకున్నవాళ్లు. కుదిపి లేపకుండా, మెల్లగా చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకెళ్లండి.

రెమ్ సంగతి వేరు. షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ 1953లో దీన్ని ప్రకటించారు. మెదడును వెన్నుపాముతో కలిపే బ్రెయిన్‌స్టెమ్‌లోని పాన్స్ అనే భాగం దీనికి మీట. అక్కడి కణాలు ఒకపక్క కలల దశను నడిపిస్తూనే, ఇంకోపక్క వెన్నుపాములోని కండరాల నరాలను గ్లైసిన్, గాబా అనే రసాయనాలతో ఆపేస్తాయి. కలలో పరుగెత్తినా కాళ్లు కదలనిది అందుకే. ఊపిరి తీయించే డయాఫ్రమ్, కనుగుడ్ల కండరాలు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి.

కలల దశ, కండరాల ఆపుదల రెండూ ఒకేసారి ముగియకపోతే చిక్కు. తెలివి వచ్చాక కూడా కండరాల ఆపుదల వదలకపోతే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, గదిలో ఎవరో ఉన్నట్టు అనిపిస్తుంది. దెయ్యం పట్టిందనుకునేది చాలాసార్లు ఈ స్లీప్ పెరాలసిస్‌నే. కొద్ది నిమిషాల్లో దానంతటదే పోతుంది. అప్పుడు మొత్తం ఒంటిని లేపబోకుండా ఒక్క కాలి బొటనవేలు కదిపే ప్రయత్నం చేయండి. నిద్ర వేళలు రోజుకోలా మారినప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఇది ఎక్కువ. పక్కకు తిరిగి పడుకోండి.

దీనికి తలకిందులైనది ఇంకొకటుంది: కల నడుస్తున్నా కండరాలు ఆగవు. మనిషి కేకలు వేస్తాడు, పక్కవాళ్లను గుద్దుతాడు, మంచం మీంచి దూకుతాడు. 50 దాటినవాళ్లలో ఇది పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు)కు ఏళ్ల ముందే కనిపించే సూచన కావచ్చు. మంచం పక్కనున్న గాజు సామాను, పదునైనవి తీసేసి, వీలైతే ఫోన్‌లో వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపించండి.