కోతల కంటే గాలే ఎక్కువ ఏడిపించింది

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నానంటే అందరూ కోతల గురించే అడుగుతారు. ఎన్ని కుట్లు పడ్డాయి, మచ్చలు మిగిలాయా అని. నాకు చేసింది లాపరోస్కోపిక్ స్లీవ్, అంటే పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ చేసేది. జీర్ణాశయంలో ముప్పావు వంతు పైనే తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంగా మిగులుస్తారు. కోతల నొప్పి మందులకు లొంగింది. లొంగనిది భుజం.

మత్తు దిగాక మంచం మీద లేపి కూర్చోబెట్టారో లేదో, కుడి భుజం మీద, మెడ మొదట్లో, ఎవరో బొటనవేలు గుచ్చి పట్టుకున్నట్టు నొప్పి. వెనక్కి వాలితే సర్దుకునేది. లేస్తే మళ్ళీ పట్టేసేది. గట్టిగా ఊపిరి పీలిస్తే ఇంకా ఎక్కువ. కోసింది పొట్ట, నొప్పి భుజంలో! బల్ల మీద పడుకోబెట్టినప్పుడు చెయ్యి మెలిపడిందేమో అనుకున్నాను.

"అది గ్యాసమ్మా" అన్నారు రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు గారు. కెమెరా, పరికరాలు తిరగడానికి చోటు కావాలి కాబట్టి పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి గోడను పైకి లేపుతారు. పీడనం మామూలుగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం. ఆ వాయువే ఎందుకంటే మంట అంటుకోదు, రక్తంలో తేలిగ్గా కరుగుతుంది. చివర్లో బయటికి వదిలేస్తారు గానీ కొంత లోపలే ఉండిపోతుంది. మనం లేచి కూర్చోగానే అది పైకెళ్ళి డయాఫ్రం కింద, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఊపిరికి సాయపడే కండరం కింద, చేరుతుంది. డయాఫ్రానికి వచ్చే నరం మెడలో 3, 4, 5 వెన్ను నరాల దగ్గర మొదలవుతుంది. భుజం చర్మం కబుర్లు కూడా దాదాపు అక్కడికే చేరతాయి. అందుకని డయాఫ్రం మొరపెట్టుకుంటే మెదడు దాన్ని భుజం ఖాతాలో రాసేస్తుంది. ఈ నాలుగు ముక్కలూ ఆపరేషన్‌కి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రాత్రి సగం భయం తప్పేది.

గ్యాసే అన్నారు కదా, గ్యాస్ మాత్ర ఇవ్వమని సిస్టర్‌ని అడిగాను. "అది పేగుల్లో గ్యాస్‌కమ్మా, ఇది పేగుల బయట ఉంది" అంది. అసలు కీలకం ఇక్కడే ఉంది. ఆ గ్యాస్ మాత్రలో ఉండే సిమెథికోన్ అనే మందు పేగుల్లోని చిన్న బుడగల్ని కలిపి బయటికి పోయేలా చేస్తుంది. పేగుల బయట చిక్కుకున్నది తేన్పుగానూ రాదు, కింది నుంచీ పోదు. మెల్లగా రక్తంలోకి ఇంకి, ఊపిరితిత్తులకు చేరి, ఊపిరితో పాటే వెళ్ళిపోవాలి. మాత్రతో తొందరపెట్టగలిగేది కాదు.

అందుకని వరండాలో నడిచాను. నడవగానే నొప్పి మాయమైందని చెప్పను. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఎలాగూ నడవాల్సిందే. భుజానికి గోరువెచ్చటి కాపడం, వీపు వెనక ఎత్తుగా దిండ్లు, బంతులు లేపే ఆ ఊపిరి పరికరం - వీటితో రోజులు నెట్టాను. నొప్పికి పారాసెటమాల్. ఐబుప్రొఫెన్ లాంటివి అడక్కుండా వేసుకోవద్దని గట్టిగా చెప్పారు, అవి జీర్ణాశయంలో పుండ్లు చేస్తాయని.

భుజం సర్దుకుంటుండగా రెండో గ్యాస్ వచ్చింది, ఇది పేగులది. మత్తుకీ నొప్పి మందులకీ పేగులు మొద్దుబారి, పొట్ట బిర్రబిగిసింది. రోజూ పొద్దున్నే "గ్యాస్ పోయిందా?" అని ముగ్గురు నలుగురు వచ్చి అడిగేవారు. నా జీవితంలో ఈ విషయాన్ని ఇంత ఆప్యాయంగా ఎవరూ ఆరా తీయలేదు. గ్యాస్ పోయిన రోజు మా అమ్మాయి మొహం చూడాలి! ఇంటికొచ్చాక ఉబ్బరం ఉన్నప్పుడు సిమెథికోన్ నిజంగానే పనికొచ్చింది.

ఇంట్లో పట్టిన గ్యాస్‌లో చాలా భాగం నేను మింగిన గాలే. స్ట్రా, సోడా, చూయింగ్ గమ్ వద్దన్నారు. మందు కొలిచే చిన్న కప్పుతో గుక్క గుక్కగా తాగేదాన్ని. తొందరపడి పెద్ద గుక్క వేస్తే ఆ ఇరుకు గొట్టంలో గాలి నిలబడి, తేన్పు వచ్చేదాకా రొమ్ము మధ్యలో బిగదీసేది. ప్రొటీన్ పొడి కూడా ఒకటి పడలేదు. డబ్బా మీద చూస్తే తీపి కోసం షుగర్ ఆల్కహాల్ (చక్కెర బదులు వాడే ఒక రకం తీపి పదార్థం) కలిపారు, దానికి తోడు పాల చక్కెర, అదే లాక్టోజ్. లాక్టోజ్ తక్కువున్న వే ఐసొలేట్ అనే పాల ప్రొటీన్ పొడికి మారాక పొట్ట గోల తగ్గింది.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఆపరేషన్ గ్యాస్ నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గింది మళ్ళీ పెరిగినా, విశ్రాంతిగా ఉన్నా నాడి నిమిషానికి 120 దాటినా, జ్వరం, ఆయాసం, కాలి పిక్కలో వాపు కనిపించినా గ్యాసే అనుకుని కూర్చోకూడదు. కుట్ల దగ్గర లీకు కావచ్చు, ఊపిరితిత్తుల్లో గడ్డ కావచ్చు. లీకు నొప్పి కూడా ఒక్కోసారి భుజంలోనే, ముఖ్యంగా ఎడమ భుజంలో తెలుస్తుంది. ఒక రాత్రి పొట్ట మెలిపెడితే మా అమ్మాయి గడియారం చూసి నాడి లెక్కపెట్టింది, జ్వరం చూసింది, ఆస్పత్రికి ఫోన్ చేసింది. అన్నీ మామూలుగానే ఉన్నాయి, అయినా పొద్దున్నే తీసుకురమ్మన్నారు. చూసి పేగుల గ్యాసే అని పంపేశారు. ఆ ఫోన్ చేసినందుకు ఎవరూ నవ్వలేదు.

భుజం నొప్పి మళ్ళీ రాలేదు. తిన్నాక అరగంట దాకా నీళ్ళు ముట్టను. కబుర్లు చెబుతూ గబగబా తింటే మాత్రం ఇప్పటికీ రొమ్ము మధ్యలో పట్టేస్తుంది. అప్పుడు లేచి నాలుగడుగులు వేస్తాను, తేన్పు వస్తుంది, మళ్ళీ కూర్చుని తింటాను.