తక్‌పట్టీ వెనక రాసుకున్న ప్రశ్నలు

ఇరవై రెండేళ్లుగా మిర్చి ఘాటుకు తుమ్ముతున్న మనిషిని నేను. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమస్తాను. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు ధర తేల్చే వేలం, అయిపోయాక మా పని షురూ అవుతుంది. కాంటాలు, తక్‌పట్టీలు (రైతుకు తూకం, ధర రాసిచ్చే చీటీలు), రైతు లెక్క, హమాలీ లెక్క, ఖరీదుదారు లెక్క. మిర్చి రకాల్లో తేజ ఏదో, వండర్ హాట్ ఏదో దూరం నుంచే చెప్తాను. బస్తాలో చెయ్యి పెట్టి కాయ విరిస్తే తేమ ఎంతుందో అందాజాగా తెలిసిపోతుంది. మిర్చి గురించి నాకు తెలియంది ఏముంటుందిలే అని కొంచెం పొగరు కూడా ఉండేది.

మూడేళ్ల కింద ఫిబ్రవరిలో ఒక్క చాయ్‌తో ఆ పొగరు పోయింది.

కొచ్చి నుంచి చపాట మిర్చి కొనడానికి వచ్చే ఒక కంపెనీ మనిషి, బిల్లు కోసం మా గద్దె మీద కూర్చున్నాడు. చపాట అంటే తెలియనివాళ్లకు చెప్తాను. టమాటలా గుండ్రంగా, లావుగా ఉంటుంది. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. అందుకే టమాట మిర్చి అని కూడా అంటారు. దాన్నుంచి తీసిన రంగును తినే వస్తువుల్లో, పెదాలకు పూసుకునే లిప్‌స్టిక్‌లలో వాడతారు. మొన్న 2025లో దీనికి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. సరే, ఆ కొచ్చి ఆయన ఊరికే కూర్చోలేక, హిందీలో ఒక మాట అడిగాడు. "మిర్చి రాకముందు మీ దగ్గర కూరల్లో కారానికి ఏం వేసేవాళ్లు?"

నేను నవ్వాను. మిర్చి రాకముందు ఏంది? మిర్చి ఎప్పుడూ ఉంది కదా. వానలాగా, చెరువులాగా.

"లేదు. సముద్రం అవతలి నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చారు" అన్నాడు. చాయ్ పందెం వేసుకున్నాం. ఫోన్లో చూశాను. ఓడిపోయాను. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికోలో వేల ఏళ్లుగా పండించేవాళ్లు. కొలంబస్ అటు వెళ్లింది 1492లో. వాస్కో డ గామా కాలికట్‌లో దిగింది 1498లో. ఆ తర్వాత పోర్చుగీసు ఓడల్లోనే మిరప మన తీరానికి వచ్చింది.

లెక్కల మనిషిని కాబట్టి కాగితం మీద ఇంకో లెక్క వేశాను. ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యం చేతికి పోయింది 1323లో. అక్కడి నుంచి 1498కి 175 ఏళ్లు. అంటే గణపతిదేవుడు గానీ రుద్రమదేవి గానీ ప్రతాపరుద్రుడు గానీ ఒక్క మిరపకాయ కూడా చూసి ఉండరు. ఇక్కడ మా యార్డులో వేల బస్తాలు. ఇక్కడికి కొద్ది దూరంలో కోట. ఆ కోటలో కూర్చుని ఏలినవాళ్లకు ఈ వాసనే తెలియదు.

ఆ రోజు ఖరాబైన తక్‌పట్టీ ఒకటి వెనక్కి తిప్పి రాసుకున్నాను: "మరి ఏం తినేవాళ్లు?" నా మొదటి ప్రశ్న అదే.

జవాబు పేరులోనే ఉందని కొచ్చి ఆయనే చెప్పాడు. పాతకాలం కారం మిరియం. కొత్తగా వచ్చిన కాయ కూడా నోరు మండించింది కాబట్టి దాన్నీ మిరియం వరసలోనే పిలిచారు, అదే మిరపకాయ అయింది. కన్నడంలో మిరియం మెణసు, మిరపకాయ మెణసినకాయి. తమిళంలో మిళగు, మిళగాయ్. మలయాళంలో ఇంకా తమాషా. ముళకు అంటే ఒకప్పుడు మిరియమే. ఇప్పుడు ముళకు అంటే మిరపకాయ, అసలు మిరియాన్నేమో కురుముళకు అని వేరే పేరు పెట్టి పిలుస్తున్నారు. "మా ఊళ్లో చుట్టం వచ్చి ఇంటాయన పేరు పెట్టుకున్నాడు" అన్నాడాయన. నాకు ఎంత నచ్చిందో ఆ మాట. చాయ్ డబ్బులు మాత్రం నేనే ఇచ్చాను.

ఇంటికి పోయి అవ్వకు చెప్పాను. అవ్వకు డెబ్బై ఆరేళ్లు, నర్సంపేట దిక్కు పల్లెలో పుట్టి పెరిగింది. "ఎర్రి మాటలు మాట్లాడకు. మిరుపకాయ లేకుంట తొక్కు ఎట్ల నూరుతరు?" అంది. కాసేపు ఊరుకుని, మళ్లీ తానే అంది. "బాలింతకు మాత్రం మిరుపకాయ పెట్టం గదా. మిరియాలు, ఎల్లిపాయ, గంతే."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. మా వీధిలో తద్దినాలకు వంట చేసే అయ్యగారిని పట్టుకుని అడిగితే ఆయనా అదే చెప్పాడు. పితృదేవతల వంటలో మిరపకాయ వెయ్యరు, మిరియమే. టమాట, ఆలుగడ్డ కూడా పనికిరావు. ఎందుకని అడిగితే "మా నాన్న వెయ్యలేదు, నేను వెయ్యను" అన్నాడు. ఆలుగడ్డ, టమాట కూడా అమెరికా ఖండం నుంచే వచ్చాయి. అంటే బాలింత కంచంలో, తద్దినం విస్తట్లో మాత్రం ఐదారు వందల ఏళ్ల కిందటి వంట అట్లాగే కూర్చుంది. పుట్టినప్పుడు, పోయినప్పుడు మనం పాతకాలం మనుషుల కూడు తింటున్నాం. ఇది నా సొంత ఊహ, ఏ పుస్తకంలోనూ చూడలేదు. తప్పయితే చెప్పండి.

అప్పటి నుంచి ఇంట్లో ఏది కనిపించినా నువ్వెక్కడిదానివి అని అడగడం అలవాటైంది. మక్కజొన్న, పల్లి, జామపండు, బొప్పాయి, పొగాకు, అన్నీ ఆ ఖండంవే. సద్దుల బతుకమ్మ నాడు బంతిపూల గంప తెచ్చి, ఇది మెక్సికో పువ్వని మా ఇంటామెకు చెప్పాను. "తెచ్చినవ్ గదా, ఇగ ముచ్చట్లు బంద్ జేసి గునుగు కాడలు కొయ్యి" అంది. గునుగు, తంగేడు మన చెలకల్లోవే కాబట్టి ఏం మాట్లాడకుండా కోశాను. మెక్సికోలో కూడా చనిపోయినవాళ్లను తలచుకునే పండుగకు ఇదే బంతిపూలు రాశులు పోస్తారని తర్వాత చదివాను. పెత్రామాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ పేర్చేటప్పుడు ఈ సంగతి గుర్తుకొస్తుంది. పెత్రామాస అంటే మనమూ పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు కదా. రెంటికీ సంబంధం ఉందని అనడం లేదు. గుర్తుకొస్తుంది, అంతే.

సీతాఫలం దగ్గర మాత్రం అవ్వతో పెద్ద గొడవే అయింది. "సీతమ్మ పేరున్న పండు బయటి నుంచి ఎట్లొస్తదిరా?" నేను ఫోన్ చూపించబోయాను. ఆమె పండు విప్పుకుని తినడం మొదలుపెట్టింది. చర్చ ముగిసింది.

పోర్చుగీసువాళ్లు కాయలతో ఆగలేదు, మాటలు కూడా వదిలి పోయారు. మా దుకాణంలో నగదు పెట్టే అల్మారి, దాని చాబి, గోడ కట్టిన మేస్త్రి, హమాలీ భుజం మీది తువ్వాల, ఇవన్నీ వాళ్ల భాష నుంచే చేతులు మారుతూ మన దాకా వచ్చాయి. ఈ సంగతి మా హమాలీ ఒకాయనకు చెప్తే తువ్వాల తీసి అటూ ఇటూ చూసి, "దీనికి కిరాయి ఏమన్న అడుగుతరా?" అన్నాడు.

మార్కెట్ బంద్ ఉన్న రోజుల్లో హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి పోవడం మొదలుపెట్టాను. 1904లో, నిజాం కాలంలో పెట్టిన గ్రంథాలయం అది. ఇన్నేళ్లు అటు నుంచి పోతూ బోర్డు మాత్రమే చదివాను. మొదటి రోజు లోపలికి పోవడానికి సిగ్గేసింది. డిగ్రీ రెండో సంవత్సరంలో చదువు ఆపేసినవాణ్ణి, ఎవరైనా ఏం కావాలని అడిగితే ఏం చెప్పాలి? ఎవరూ అడగలేదు. ఫ్యాన్ కింద పేపర్ చదువుతున్న ఒక పెద్దాయన కొంచెం జరిగి చోటిచ్చాడు.

వేయి స్తంభాల గుడి సంగతి చెప్పుకోవాలంటే ఇంకా సిగ్గు. చిన్నప్పటి నుంచి ప్రతి శివరాత్రికీ పోతాను. లైన్లో నిలబడతాను, లింగాన్ని చూస్తాను, బయటపడతాను. అది త్రికూటాలయమనీ, శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు ఉన్నాయనీ నలభై నాలుగేళ్లు వచ్చేదాకా తెలియదు. సూర్యుడికి గుడి మన ఊళ్లోనే ఉంటే, దాన్ని చూడాలంటే ఒడిశా పోవాలి అనుకునేవాణ్ణి. కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించాడని అక్కడి శాసనంలోనే ఉంది. సంస్కృతంలో రాసినా లిపి మాత్రం మన తెలుగు, కన్నడ అక్షరాలకు తల్లి లాంటిది. ఒక ఆదివారం మధ్యాహ్నం దాని ముందు గంటసేపు నిలబడ్డాను. కూడబలుక్కుంటే ఐదారు అక్షరాలు దొరికాయి. అందులో రెండు తప్పని తర్వాత తెలిసింది. అయినా తక్కిన మూడు నాలుగింటి ఆనందం పోలేదు. ఎనిమిది వందల అరవై ఏళ్ల కింద ఒక మనిషి ఉలితో చెక్కిన 'ర'ను నేను చదివాను!

పక్కనున్న కల్యాణ మండపాన్ని పునాది దాకా విప్పి, రాళ్లకు నంబర్లు వేసి, మళ్లీ పేర్చి 2024 శివరాత్రికి తెరిచారు. విప్పి పెట్టిన ఆ ఏళ్లన్నీ నేను రాళ్ల కుప్పను చూసి విసుక్కుంటూ పోయాను. కింద ఇసుక పోసి దాని మీద అంత బరువు ఎట్లా నిలబెట్టారో ఒక్కసారి కంచె అవతలి నుంచి తొంగి చూసినా కంటితో చూసేవాణ్ణి. ఆ మోకా పోయింది. మళ్లీ నా జన్మలో రాదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మొదట్లో దొరికినదల్లా అందరికీ పంపేవాణ్ణి. కోహినూరు వజ్రం మన భద్రకాళి అమ్మవారి కన్ను అని ఒక పెద్ద మెసేజ్ వస్తే, చదువుకున్నప్పటి దోస్తుల గ్రూపులో పెట్టాను. మాకు సోషల్ చెప్పిన సారు కూడా అందులో ఉన్నారు. ఒకటే మాట రాశారు: "ఆధారం?"

రెండు రోజులు వెతికాను. ఢిల్లీ సుల్తాను అలాఉద్దీన్ సేనాని మాలిక్ కాఫుర్ 1310లో ఓరుగల్లు నుంచి ఏనుగులు, గుర్రాలు, నగలు పట్టుకుపోయిన మాట నిజం. ఆగ్రాలో తన కొడుకు చేతికి వచ్చిన ఒక గొప్ప వజ్రాన్ని అలాఉద్దీన్ తెచ్చి ఉంటాడని బాబరు తన జ్ఞాపకాల్లో రాసుకున్న మాటా నిజం. ఈ రెంటినీ ముడి వేసింది మనం. అమ్మవారి కన్ను మాట చెప్పే పాత శాసనం ఒక్కటీ నాకు దొరకలేదు. సారుకు అదే రాశాను. ఒక చెయ్యెత్తిన బొమ్మ పంపారు. అది నమస్కారమో, శభాషో, ఇక చాలు అనో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ రోజే తక్‌పట్టీలన్నీ పక్కన పెట్టి ఒక పాత చిట్టా పుస్తకం తీశాను. జమ, ఖర్చు గళ్లు ఉంటాయి కదా. జమ కొట్టేసి 'ఉంది' అని, ఖర్చు కొట్టేసి 'అంటారు' అని రాశాను. మిరప ఎక్కడిదో 'ఉంది'లో. కోహినూరు 'అంటారు'లో. రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించడం 'ఉంది'లో, శిల్పి పేరే గుడికి వచ్చిందన్నది 'అంటారు'లో. రామప్ప ఇటుక నీళ్లలో తేలుతుందన్నది మొదట 'అంటారు'లోనే రాసి, పరీక్షించి చూసినవాళ్లు రాసింది చదివాక 'ఉంది'లోకి మార్చాను. మన వరంగల్ తివాచీలు 1851లో లండన్ ఎగ్జిబిషన్‌కు పోయాయన్నది కూడా 'ఉంది'లోనే. మా గద్దె మీద పరిచింది వరంగల్ కొత్తవాడ జంపఖానానే. ఇరవై రెండేళ్లు దాని మీద కూర్చుని లెక్కలు రాశాను, చాయ్ మరకలు చేశాను. ఇప్పుడు చెప్పులు విడిచి ఎక్కుతున్నాను. మా సేటు నాకేదో అయిందనుకుంటున్నాడు.

రోజుకో కొత్త విషయం నేర్చుకోండి, పెద్ద మనుషుల్లో మాట్లాడటానికి పనికొస్తుంది అని వీడియోలు వస్తుంటాయి. నాకు పెద్ద మనుషులతో పనేం పడింది? నా పుస్తకంలో సగం ప్రశ్నలు చిన్నవే. కాకులు సాయంత్రం మా యార్డు రేకుల మీదికే ఎందుకు చేరతాయి? మనం జొన్న పేరు మక్కకు ఎందుకు తగిలించాం? కొన్నింటికి జవాబు ఒక పూటలో దొరికింది, కొన్ని ఏడాదిగా అట్లాగే ఉన్నాయి. పాత బాకీల్లాగా అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను.

మొన్న కార్తీకంలో ఊరి నుంచి సీతాఫలాల గంప వచ్చింది. అవ్వ అరుగు మీద కూర్చుని మెత్తనివి ఏరుతోంది. నన్ను చూసి అడిగింది.

"నీ పుస్తకంల సీతమ్మ పేరు కొట్టేసినవా?"

"లేదవ్వా. సీతమ్మ పండు అని 'అంటారు' దిక్కు రాసిన."

"ఎవరంటరని రాసినవ్?"

"నువ్వు అంటవని."

కాసేపు ఆలోచించింది. బాగా విచ్చిన పండొకటి ఏరి నా చేతిలో పెట్టింది.

"నా పేరు సక్కగ రాసినవా మరి?"