ముషీరాబాద్‌లో పులస మొప్పలు

జనగామలో సాయంత్రం రైలెక్కి, రాత్రికి చిక్కడపల్లిలో అక్క వాళ్లింటికి చేరాను. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను గానీ పులసను ఇంతవరకు చేత్తో పట్టుకోలేదు. వరద రోజుల్లో అది ముషీరాబాద్ మార్కెట్‌కు కూడా వస్తుందని బావ ఫోన్లో చెప్పగానే సెలవు పెట్టేశాను. బ్యాగులో చిన్న ఫార్మలిన్ సీసా కూడా పెట్టుకున్నాను, దొరికిన ముక్క కుళ్లిపోకుండా దాచడానికి.

తెల్లవారుజామున నాలుగున్నరకు బావ స్కూటర్ మీద బయల్దేరాం. సన్నటి జల్లు. మార్కెట్ దగ్గర ఐసు పెట్టెలు దించుతున్నారు, కాళ్ల కింద నీళ్లు పారుతున్నాయి. రవ్వ, బొచ్చె కుప్పలు దాటాక ఒక టబ్బులో బతికున్న కొరమీన్లు కనిపించాయి. ఒకదాన్ని పట్టుకోబోతే చేతిలోంచి జారిపోయింది.

"గట్ల దొరకదు సార్, బూడిద రాసుకోవాలె" అంది అమ్మే ఆమె.

నా వేళ్ల మధ్య జిగట దారాల్లా సాగింది. కత్తిపీట దగ్గర మనం ఉప్పుతో, బూడిదతో రుద్ది పారేసే ఈ జిగటను చేప చర్మంలోని శ్లేష్మ కణాలు తయారుచేస్తాయి. అవి కింది పొరల్లో పుట్టి, నిండుతూ పైకొచ్చి, నోరు తెరిచి ఖాళీ అవుతాయి. లోపల చిక్కగా కుక్కి ఉన్న మ్యూసిన్, అంటే జిగటకు మూలమైన ప్రోటీన్, నీళ్లు తగలగానే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది.

పులసలు చివరి వరసలో ఐసు మీద ఉన్నాయి, నాలుగే. అమ్మేవాడిది రాజమండ్రి వైపు. "సముద్రంలో ఉన్నప్పుడు విలసండి, గోదారెక్కితే పులసండి" అన్నాడు. ధర విని బావ నా వైపు చూశాడు. కొనలేమని ఇద్దరికీ అర్థమైంది. వేరే ఆయన ఒకటి కొని కోయించుకుంటుంటే అక్కడే నిలబడ్డాను.

ఆ పేరు మారే చోటే చేప ఒంట్లో పెద్ద మార్పు జరుగుతుంది. సముద్రంలో లీటరు నీటికి దాదాపు 35 గ్రాముల ఉప్పు. చేప రక్తంలో ఉండేది అందులో మూడో వంతు. అందుకే అక్కడ ఒంట్లో నీరు బయటికి పోతుంటుంది. చేప సముద్రపు నీరే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల నుంచి గెంటేస్తుంది. గుడ్లు పెట్టడానికి గోదారిలోకి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. నీరు లోపలికి చొరబడుతుంది, ఉప్పు కారిపోతుంది. అప్పుడు మొప్పల్లోని కణాలు నదిలో ఉన్న కాస్త ఉప్పునూ లోపలికి లాక్కోవాలి.

ఆ కణాల మీద పల్చగా పరుచుకుని ఉండేది జిగటే. అది గోడలా అన్నిటినీ ఆపలేదు గానీ ఉప్పు జారిపోయే వేగాన్ని తగ్గిస్తుంది. ఎర్రటి వరదనీటి బురదను పట్టుకుని మొప్పల మీది నుంచి కడిగేస్తుంది. నదిలో కొత్తగా ఎదురయ్యే సూక్ష్మజీవులను అడ్డుకోవడానికి అందులో బ్యాక్టీరియా గోడల్ని కరిగించే లైసోజైమ్ అనే ఎంజైమ్ ఉంటుంది. నీరు మారినప్పుడు శ్లేష్మ కణాల సంఖ్య, సైజు, వాటిలోని మ్యూసిన్ రకం మారతాయి. అన్ని చేపల్లోనూ ఒకే తీరుగా కాదు, కొన్నిటిలో పెరిగితే కొన్నిటిలో తగ్గుతాయి.

దీని వెనకున్న హార్మోన్లలో ప్రొలాక్టిన్ ఒకటి. తల్లికి పాలు పడేలా చేసేది ఇదే. ప్రొలాక్టిన్ తయారయ్యే పిట్యూటరీ గ్రంథి తీసేసిన కిల్లీఫిష్‌లు మంచినీటిలో చచ్చిపోతాయని, ప్రొలాక్టిన్ ఇస్తే బతుకుతాయని 1959లో గ్రేస్ పిక్‌ఫర్డ్, జాన్ ఫిలిప్స్ చూపించారు. చాలా చేపల్లో చర్మపు జిగటను పెంచేది కూడా ఇదే. అక్వేరియం షాపుల్లో కనిపించే డిస్కస్ చేపలైతే తల్లీ తండ్రీ రెండూ తమ ఒంటి జిగటనే పిల్లలకు తినిపిస్తాయి. ఇది చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కోసేవాడు మొప్పలు తీసి బకెట్లో వేయబోతుంటే అడిగాను.

"మొప్పలెందుకండి? కూరకి పనికిరావండి."

"పిల్లలకు చూపించాలి తమ్ముడూ."

రెండు మొప్పలు కవర్లో వేసిచ్చి, డబ్బులిస్తే తీసుకోలేదు. "ధవళేశ్వరం ఆనకట్ట దాకానేనండి దీని దారి. అది దాటి పైకి పోలేదు" అన్నాడు. ఆ ఆనకట్ట మొదట కట్టింది 1852 నాటికి. అంతకు ముందు ఈ చేప ఎంత దూరం ఎదురీదేదో అనుకుంటూ సీసా మూత బిగించాను.

ఐసులో అంతసేపు ఉన్నవి కాబట్టి కణాలు ఎంతవరకు చెదరకుండా ఉన్నాయో చూడాలి. ఆల్షియన్ బ్లూ రంగు వేస్తే ఆమ్ల గుణమున్న మ్యూసిన్ నీలంగా కనిపించాలి. మా ల్యాబ్‌లో ఆ రంగు లేదు. మధ్యాహ్నం రైలుకు ముందు బావతో కలిసి కోఠీలో రెండు షాపులు తిరిగాను, రెండో దానిలో తెప్పిస్తామని నంబర్ రాసుకున్నారు.