కిటికీకి కట్టిన పంచె

ఈరోజు ఆత్రేయపురంలో పిన్ని వాళ్లింట్లో ఫొటోలతోనే గడిచిపోయింది. పిన్ని పూతరేకులు చేసి అమ్ముతుంది. వాట్సాప్‌లో పంపే ఫొటోల్లో రేకు పలచదనం అస్సలు కనబడటం లేదని తన బెంగ. మా ఊరి పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు (ఇది ఈ ఊరి ప్రత్యేకతే అనే అధికారిక ముద్ర) వచ్చింది కానీ, దూరం నుంచి ఆర్డరిచ్చేవాళ్లు ముందు చూసేది ఫొటోనే కదా.

పొద్దున్న తూర్పు కిటికీలోంచి ఎండ సూటిగా పడుతోంది. రేకు ఒకవైపు తెల్లగా మాడిపోయినట్టు, ఇంకోవైపు నల్లటి నీడ. బాబాయి నూలు పంచె ఒంటిపొరగా కిటికీకి కట్టి బట్టల క్లిప్పులు పెట్టాను. పంచెలోంచి వచ్చే వెలుగు అన్ని వైపులకీ చెదిరిపోతుంది. ఇక సూర్యుడి నుంచి కాదు, కిటికీ మొత్తం నుంచి వెలుగు వస్తున్నట్టే. నీడల అంచులు మెత్తబడ్డాయి.

"మీ బాబాయి స్నానం చేసి ఏం కట్టుకుంటారే?" అంది పిన్ని.

"దండెం మీద ఇంకోటుంది పిన్నీ."

నీడ వైపు స్టీలు పళ్లెం పెడితే ఒకేచోట చురుగ్గా మెరిసింది. టీవీ పెట్టెలోని థర్మాకోల్ ముక్క నయం, రేకుకి దగ్గరగా జరిపేకొద్దీ నీడ తేలికైంది. అరిటాకు మీద పెడితే బావుంటుందని అందరూ అంటారు. నాకు నచ్చదు, ఆకు పచ్చదనం రేకు మీదికి ఎక్కేస్తుంది.

తెల్ల దుప్పటి పరిస్తే ఫోను తెలుపుని బూడిద రంగు చేసేసింది. ఫ్రేమంతా తెలుపైతే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. అందుకే నల్ల గొడుగు విప్పి వెనక పెట్టాం. కిటికీ వెలుగు వెనక పక్క నుంచి పడేలా పిన్ని ఒక రేకుని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. రేకులోంచి తన వేళ్లు కనిపించాయి! ఇన్నేళ్ల చేతి పనితనం ఏంటో ఆ ఒక్క ఫొటో చెబుతుంది. ఎంత సంతోషమేసిందో.

మధ్యాహ్నం పొయ్యి దగ్గర. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, వెలుగు తక్కువ. ఫోను కదలకుండా దిండు గలీబులో బియ్యం పోసి అందులో ఆనించాను. "జయ రకం బియ్యం ముట్టుకోకు, రేపటి రేకులకి నానబెట్టాలి" అని పిన్ని రేషన్ బియ్యం ఇచ్చింది. పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద లాగడం, రేకు పడటం క్షణాల్లో అయిపోతుంది, టైమర్ పెట్టుకుంటే అందదు. వైరు ఇయర్‌ఫోన్స్ గుచ్చి వాల్యూమ్ బటన్ నొక్కితే నా ఫోనులో ఫొటో పడుతుంది, ఫోనుని ముట్టుకోనక్కర్లేదు. పిన్ని చెయ్యి కొంచెం చెదిరింది, కుండ మాత్రం స్పష్టంగా వచ్చింది. చెయ్యి కదులుతున్నట్టు తెలియడమే నాకు నచ్చింది.

సాయంత్రం పిన్ని వేళ్ల ఫొటోనే ఎంచి అందరికీ పంపింది. రేపు బెల్లం రేకులు. అడ్డంగా కోసి, మడతల్లో బెల్లం, జీడిపప్పు కనబడేలా తీయాలి.